కొమ్ముల ట్రాక్టరు

సమ్మెట భుజాన వేసుకుని లింగం బోధన్‌లో బస్సు దిగాడు. నిజామాబాదులో ఎక్కినప్పటి నుంచి కండక్టరు ఒకసారి ఆ సమ్మెట వంక, ఒకసారి అతని మొహం వంక చూస్తూనే ఉన్నాడు గానీ, ఇదెందుకని ఒక్క మాట అడిగితే ఒట్టు. ఆ మొహం అట్లా ఉంది మరి. కణతల దగ్గర నరాలు ఉబ్బి, కళ్ళు ఎర్రబడి, ఎవడు పలకరిస్తే వాడి మీద పడేలా ఉన్నాడు.

ఊరికే వచ్చిన కోపం కాదది. నిజామాబాదు చివర భానుప్రసాద్ సేటు పసుపు గోదాములో బస్తాలు మోసే హమాలీల ముఠాకు లింగమే మేస్త్రి. వాళ్ళ నాన్న మోసిన గోదాము, వాళ్ళ నాన్న తిరిగిన ముఠా. ఆయన వెన్ను విరిగి చనిపోతే, బస్తాలు లాగే ఆయన కొక్కెమే లింగం చేతికి వచ్చింది. ఆ కొక్కెంతోనే తమ్ముడు అనిల్‌కుమార్‌ని పెంచాడు, చదివించాడు, షార్జా పంపాడు. అక్కడ పెద్ద గోదాములో బరువులెత్తే బండి నడిపి వచ్చిన ఆ తమ్ముడే ఇప్పుడు అట్లాంటి బండినే ఇక్కడ సొంతంగా తయారు చేస్తున్నాడు. చిన్న ట్రాక్టరుకు ముందు మట్టి ఎత్తే బకెట్టు ఉంటుంది కదా, దాన్ని పీకేసి ఆ చోట రెండు పొడుగాటి ఇనుప కొమ్ములు పెడతాడట. చెక్క పీట మీద బస్తాలు పేర్చి ఉంచితే, కొమ్ములు పీట కిందికి దూర్చి, ఒక్క లివరు లాగి మొత్తం ఎత్తి లారీలో పెడతాడట. అది పని చేస్తే మరుసటి రోజు నుంచి ముఠా అక్కర్లేదని సేటు మొహం మీదే చెప్పాడు. చెబితే చెప్పాడు, వాడు సేటు! ఇంటివాడు చేసే పనేనా ఇది?

తమ్ముడు ఆ కొమ్ములు చేయిస్తున్న దస్తగిర్ వెల్డింగు దుకాణం రోడ్డు పక్కనే. లింగం వెళ్ళేసరికి అనిల్ కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని నేల మీద కూచుని ఉన్నాడు. ఎదురుగా కొమ్ములు. పాత చెరుకు ట్రాలీ అడుగు భాగం కోసి తీసిన మందపాటి ఇనుము. ఒక్కొక్కటి మనిషి నడుమంత ఎత్తు నిలువుగా లేచి, అక్కడి నుంచి ముందుకు వంగి ఉంది. వంపు దగ్గర లోపల ముక్కోణపు బిళ్ళ పెట్టి అతుకుతున్నాడు దస్తగిర్. ఎంత పని పెట్టారో చూడగానే తెలుస్తోంది. అదే లింగానికి ఇంకా మండింది.

మాట లేదు, మంతి లేదు. సమ్మెట ఎత్తి ఆ వంపు మీద ఒక్కటేశాడు. దుకాణం అదిరింది. అతుకు ఊడలేదు. ఇంకోటేశాడు. మూడోసారి ఎత్తేలోపు అనిల్ లేచి అన్న నడుము పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్ అన్నా, పిచ్చి లేసిందా."

"పిచ్చి నాకు గాదు, నీకు లేసింది. పది ఇండ్లల్ల పొయ్యార్పనీకి వచ్చినవ్ రా నువ్వు."

"పొయ్యి గాదు, నడుములు కాపాడుదామని. బాపు ఎట్ల వోయిండో యాది లేదా నీకు."

"బాపు పేరెత్తకు. బాపు నడుము మీదనే నువ్ బతికినవ్. నా నడుము మీదనే ఇమానమెక్కినవ్."

అంటూనే మోచేత్తో వెనక్కి పొడిచాడు. అనిల్ పెదవి చిట్లింది. ఆ నెత్తురు నాలుకకు తగిలేసరికి అతనికీ కోపం తలకెక్కింది. ఇద్దరూ కలబడి ఇనుప రజను మీద దొర్లారు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళు! ఒకడి చెయ్యి ఒకడి గొంతు మీద. అనిల్ పిడికిలి లింగం చెవి మీద పడింది, లింగం తల అనిల్ ముక్కు మీద పడింది. దొర్లి దొర్లి లింగం ముంజేయి అప్పుడే అతికిన వంపు మీద ఆనింది. చర్మం చుర్రుమంది. కమురు వాసన దుకాణమంతా కమ్ముకుంది.

దస్తగిర్ తొట్టిలోని నీళ్ళు బకెట్టుతో తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించాడు. నెరిసిన గడ్డం, సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది.

"ఇంట్ల సంపుకోండ్రి, నా దుకాణంల గాదు. లింగం, నువ్వు గీ ఇనుమును ఎంత గొట్టినా ఇరగదు. నేను అతికింది ఇరగదు. ఇంటికి వో."

లింగం లేచాడు. కాలిన చెయ్యి పొట్టకు ఆనించుకుని, సమ్మెట అక్కడే వదిలేసి నడిచాడు. వెనక నుంచి అనిల్ పిలిచాడు. వెనక్కి చూడలేదు. కళ్ళ వెంట నీళ్ళు వస్తున్నాయి, అవి మంటకో, అవమానానికో అతనికే తెలియదు.

నాలుగు రోజులకు కొమ్ముల ట్రాక్టరు గోదాము ముందుకొచ్చింది. పసుపు కొనడానికి మహారాష్ట్రలోని సాంగ్లీ నుంచి వచ్చిన వ్యాపారి లారీ పక్కన నిలబడి ఉన్నాడు. సేటు కొత్త చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. ముఠా అంతా గోడ నీడన కూచుంది. వాళ్ళల్లో ధనుంజయ్ ఉన్నాడు, మాట కంటే ముందు చెయ్యి లేచే మనిషి. సిద్దిరాములు ఉన్నాడు, ముఠాలో అందరికంటే పెద్ద, ఎముకల గూడు లాంటి ముసలాయన. లింగానికీ అనిల్‌కీ బస్తా ఎట్లా వీపున వేసుకోవాలో నేర్పింది ఆయనే. ఊరంతా ఆయన్ని కాక అంటుంది.

అనిల్ కొమ్ములు పీట కిందికి దూర్చి లివరు లాగాడు. కొమ్ములు లేవలేదు. ట్రాక్టరు వెనక చక్రాలు లేచాయి. ముందు బరువు, వెనక ఏమీ లేదు, లేవక ఏం చేస్తుంది? ముఠాలో ఎవరో కిసుక్కుమన్నారు. లింగం గుండెల్లో చల్లగా పాలు పోసినట్టయింది. సేటు మొహం మాడిపోయింది.

"ఎనుక సిమెంటు దిమ్మె వెట్టాలె సేటు. పోసిన, గని ఇంక ఆరలేదు. వారం దినాలు ఆగితే సాలు," అన్నాడు అనిల్.

"వారమా. గీయన గాలి పీల్సుకుంట నిలవడ్తడా వారం దాక." సేటు వ్యాపారి వంక చూశాడు, తర్వాత గోడ నీడన కూచున్న వాళ్ళ వంక చూశాడు. చూసి నవ్వాడు. "సిమెంటెందుకు వయా. మనుషులున్నరు గదా. ఎనుక పలక గట్టు, గీళ్ళను ఎక్కించు. కూసున్నందుకు కూలిస్త, ఇంకేం గావాలె వీళ్ళకు."

"వద్దు సేటు, షార్జల గిట్ల జేస్తే జైల్ల ఏస్తరు."

"గిది అక్కడ గాదు."

ఆ తర్వాత జరిగింది చూడాలి. చూడాలి కాదు, చూడకూడదు. బస్తాలు తూచే కాంటా మీద సేటు ఒక్కొక్క హమాలీని నిలబెట్టాడు. ఎంతమంది కలిస్తే పీట మీది బరువుకు సరిపోతారో లెక్క తేల్చడానికట. లింగాన్నీ ఎక్కించాడు. వెయ్యి లారీల సరుకు వీపుల మీద మోసినవాళ్ళు కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చేతులు కట్టుకుని, తల దించుకుని కాంటా మీద నిలబడ్డారు. సిద్దిరాములు ఎక్కితే ముల్లు సరిగా కదలను కూడా లేదు. "గీ ముసలోడు ఖాళీ సంచి," అన్నాడు సేటు. వ్యాపారి మరాఠీలో ఏదో అని పగలబడి నవ్వాడు. అనిల్ ఆ వైపు చూడలేక ట్రాక్టరు వెనక నాగలి తగిలించే ఇనుప చేతులకు పలక కట్టే పనిలో పడ్డాడు. లింగం కాంటా దిగేటప్పుడు తమ్ముడి వీపు ఒక్కటే కనపడింది. చూసి కూడా నోరు మెదపలేదే వీడు అనుకున్నాడు. ఇక అతని లోపల ఏదో తెగిపోయింది.

సేటు, వ్యాపారి భోజనానికి వెళ్ళారు. ముఠా టీ డబ్బా వెనక చేరింది.

"రాత్రికి వాని కాళ్ళిరగ్గొడ్తా. నీ తమ్ముడైనా సరే," అన్నాడు ధనుంజయ్.

"కాళ్ళు గాదు. సరుకు వడాలె," అన్నాడు లింగం. "మనల్ని బరువుకు ఎక్కిస్తున్నరు గదా. కొమ్ములు మొత్తం పైకి లేసినంక, లారీ అంచు దాక వొయినంక, నేను చక్రం మడ్గారు మీద కొక్కెంతోని గొడ్త. అందరు ఒక్కపారే దుంకుండ్రి. బండి ముందుకు బోర్ల వడ్తది. సాంగ్లీ సేటు కండ్ల ముందట బస్తాలు పగిలితే మల్ల ఎవ్వడు మిషిని పేరెత్తడు."

సిద్దిరాములు టీ గ్లాసు కింద పెట్టాడు. "పిలగాడు సీటు మీదుంటడు గదరా."

"సీటు మీదున్నోనికి ఏం గాదు కాకా. ముందటెవ్వరు ఉండరు, వాడే ఉండనియ్యడు."

అందరూ తలూపారు. అంతే. అక్కడితో మాట అయిపోయింది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, పైకి లేచిన బండి వెనక భాగం తిరిగి కింద పడేటప్పుడు ఏమవుతుందని అడగలేదు. కోపంలో ఉన్నవాడికి ముందున్నదే కనపడుతుంది.

సేటు పళ్ళు కుట్టుకుంటూ తిరిగొచ్చాడు. ముఠా పలక మీదికెక్కింది, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని. అనిల్ కొంచెం లేపి చూశాడు. వెనక చక్రాలు ఇంకా తేలికగానే ఉన్నాయి. "ఇంక కొంచెం గావాలె," అన్నాడు. సేటు కాంటా దగ్గరున్న పెద్ద తూకపు రాయి తెప్పించి సిద్దిరాములు చేతుల్లో పెట్టాడు. "ఖాళీ సంచి నిండింది ఇప్పుడు. కింద వడేసినవంటే సూడు."

ముసలాయన రాయిని రొమ్ముకు అదుముకున్నాడు. లింగం చూశాడు. చూడలేదని చెప్పడానికి వీల్లేదు, పక్కనే ఉన్నాడు. దుంకేటప్పుడు వదిలేస్తాడులే అనుకున్నాడు.

"ముందట ఎవరు నిలవడొద్దు, దూరం జరుగుండ్రి," అని అనిల్ కేకేసి లివరు లాగాడు. ఈసారి కొమ్ములు లేచాయి. చక్కగా, నిదానంగా, చెక్క పీట, దాని మీద పసుపు బస్తాలు గుట్టగా లేచాయి. దస్తగిర్ అతుకు కిర్రుమనను కూడా లేదు. బండి ముందుకు కదిలింది. లారీ అంచు దగ్గరికి వచ్చింది. అనిల్ మెడ తిప్పి వెనక్కి చూశాడు, చిట్లిన పెదవితోనే అన్నను చూసి నవ్వాడు. చూసినవా అన్నట్టు. ఆ నవ్వు ఇంకో రకంగా ఉంటే ఏమయ్యేదో. లింగం కళ్ళకు అది వెక్కిరింతలా కనపడింది.

కొక్కెంతో మడ్గారు మీద కొట్టాడు. అందరికంటే ముందు తనే దూకాడు.

దభీమని అందరూ దూకారు. వెనక చక్రాలు గాల్లోకి లేచాయి. ముందు భాగం నేలకు కొట్టుకుంది. పీట జారి, బస్తాలు లారీ అంచుకు తగిలి పగిలి, పసుపు కొమ్ములు రాళ్ళవానలా చెల్లాచెదురయ్యాయి. అనిల్ స్టీరింగు మీదికి విసురుగా పడ్డాడు, ముందు పళ్ళు రెండు నేల మీద పడ్డాయి. అంతవరకూ అనుకున్నట్టే జరిగింది. అనుకోనిది సిద్దిరాములు. నలభై ఏళ్ళ పాటు చేతిలోకి వచ్చిన బరువును ఆ మనిషి ఎన్నడూ విడిచింది లేదు. ఇప్పుడూ విడవలేదు. రాయిని కరుచుకునే ఉన్నాడు, దూకలేక, పలక పైకి లేస్తే రాయితో సహా జారి చక్రం కిందికి పోయాడు. ముందున్న బరువంతా జారిపోయేసరికి బండి వెనక భాగం ఉన్నపాటున కిందికి వచ్చింది. చక్రం ఆయన రొమ్ము మీద దిగింది. రాయికీ నేలకీ మధ్య ఆ ముసలి ఎముకలు పటపటమన్నాయి. నోటి నుంచీ ముక్కు నుంచీ నెత్తురు ఒక్కసారిగా ఉబికి పసుపు మీద పడింది. కాళ్ళు కాసేపు తన్నుకున్నాయి, తర్వాత ఆగిపోయాయి.

లింగం, ధనుంజయ్, మిగిలినవాళ్ళు చక్రానికి భుజాలు పెట్టి ఎత్తారు. ఎత్తి బయటికి లాగారు. ఏం లాభం! మనిషి లేడు.

"మిషిని మనిషిని సంపింది," అని ఎవరో అరుస్తూ రోడ్డు మీదికి ఉరికారు. పక్క గోదాముల హమాలీలు విన్నారు. ఒక్కొక్కడి చేతిలో కొక్కెం. ఒక్క గడియలో గోదాము ముందు జనం నిండిపోయింది. సేటు, వ్యాపారి ఆఫీసు గదిలోకి దూరి గడియ పెట్టుకున్నారు. జనానికి కనపడింది ముసలాయన శవం, ఇనుప కొమ్ములు, సీటు మీద నోరంతా నెత్తురుతో ఒక మనిషి.

అనిల్‌ని కాలు పట్టి కిందికి లాగారు. మొదటి కొక్కెం భుజంలో దిగింది. బస్తాను లాగినట్టు లాగారు. రెండోది అరచేతిలో దిగి అటు నుంచి ఇటు బయటికొచ్చింది. ఎవడో బూటు కాలితో పక్కటెముకల మీద తన్నుతున్నాడు. ఎవడో పసుపు కొమ్ములు గుప్పిట పట్టి "తిను రా, గీ బస్తాల కోసమే గదా," అంటూ అతని నోట్లో కుక్కుతున్నాడు.

లింగం నిలబడి చూశాడు. ఎంతసేపు? మూడు నాలుగు దెబ్బలు పడేంతసేపు. ఊరుకుంటే ముఠా బతుకుతుంది. మిషిని మనిషిని చంపిందని ఊరంతా అంటుంది, ఇక ఏ సేటూ కొమ్ముల బండి తెచ్చే సాహసం చెయ్యడు. ఊరుకుంటే చాలు. కావలసిందల్లా ఒక్క తమ్ముడు పోవడం. ఆ లెక్క అతని బుర్రలో తిరిగింది, తిరగలేదని అనకూడదు. అప్పుడు అనిల్ నెత్తుటి నోటితో "అన్నా" అన్నాడు.

లింగం జనాన్ని చీల్చుకుని వెళ్ళి తమ్ముడి మీద బోర్లా పడ్డాడు. "వాన్ని ఇడువుండ్రి. వాడు సంపలే. నేను సంపిన. నేనే అందర్ని దుంకుమన్న. బండి బోర్ల వడాలని నేనే దుంకిచ్చిన."

కొక్కేలు ఆగాయి. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అడుగుండ్రి, మా ముఠానడుగుండ్రి. ధనుంజయ్, చెప్పురా. చెప్పుండ్రి రా మీరన్న."

ధనుంజయ్ నేల చూపులు చూశాడు. అతని పక్కవాడు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఇంటి దగ్గర పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు. నిజం చెబితే జైలు, చెప్పకపోతే రేపు పని. ఎవరికి వాళ్ళు నోరు కుట్టేసుకున్నారు.

"తమ్ముడు గదా. గట్లనే అంటడు," అన్నాడు జనంలో ఒక పెద్దమనిషి, జాలిగా. "లింగం, నువ్ జరుగు. నీ మీద మాకు కోపం లేదు."

లింగం జరగలేదు. పక్కకు లాగబోయారు. తమ్ముడిని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఎవడిదో కొక్కెం ఆగలేక అతని వీపులో దిగి చీల్చుకుంటూ కిందికి వచ్చింది. ఇంకోటి తొడలో. పోలీసు జీపు గేటులోకి వచ్చేదాకా అట్లాగే పడి ఉన్నాడు, "నేనే, నేనే" అంటూ. వినేవాళ్ళు లేరు. పోలీసులకూ అదే చెప్పాడు. వాళ్ళు ముఠాను అడిగారు. ముఠా అంతా ఒక్క మాట మీద నిలబడింది, మిషిని తిరగబడిందని.

ఇనుప కొమ్ములను జనం గ్యాసుతో కోయించి కాలువలో పడేశారు. సేటు కొత్త చొక్కా విప్పి పాత చొక్కా వేసుకుని వచ్చి, ఇక ఎన్నడూ మిషిని మాట ఎత్తనని సిద్దిరాములు శవం ముందు చేతులు జోడించాడు. ముఠాకు పని దక్కింది. లింగం కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది.

నిజామాబాదు కంఠేశ్వర్‌లోని ఆసుపత్రిలో అన్నదమ్ములకు పక్కపక్కనే మంచాలు వేశారు. అనిల్‌కి తెలివొచ్చింది మూడో నాటి పొద్దున. భుజానికి కట్టు, మొహానికి కుట్లు. కుడి చేతి వేళ్ళు ముడుచుకోవని డాక్టరు చెప్పేశాడు, ఇక ఆ చెయ్యి ఏ లివరూ పట్టదు. లింగం వీపు కుట్లు పిగులుతున్నా లేచి వెళ్ళి తమ్ముడి మంచం అంచున కూచున్నాడు.

ముందు పళ్ళు లేని అనిల్ నోటి నుంచి మాట తడబడుతూ వచ్చింది.

"కాక వోయిండట గదా."

లింగం తలూపాడు.

"నాదే తప్పు అన్నా. దిమ్మె ఆరేదాక ఆగకపోతిని. మనుషుల్ని ఎక్కియ్యొద్దని తెల్సు, తెల్సి ఎక్కిచ్చిన. కాంటా మీద నిన్ను నిలవెడ్తుంటె నోరు లేవలే నాకు. కాకను నేనే సంపిన."

"నువ్ సంపలే తమ్మీ. నేను జెప్పిన గదా, నేనే దుంకుమన్న."

అనిల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాగున్న ఎడమ చెయ్యి తెచ్చి అన్న కాలిన ముంజేయి మీద వేశాడు.

"విన్న. గంత మంది ముందట నా పాపం నీ మీదేసుకున్నవ్. వాళ్ళు నిన్ను సంపేటోళ్ళు. నేను నీ కూటి మీద కొడ్తి, నువ్వు నా మీద పండి దెబ్బలు తింటివి. ఇంక చాలన్నా. ఇంక నా కోసం అబద్ధం జెప్పకు. నా తప్పు నన్ను మొయ్యని."

టీ డబ్బా వెనక అనుకున్న మాటలు మొదటి నుంచీ చెబితే చాలు, అనిల్ నమ్ముతాడు. ఎవరు ఏమన్నారో, కాక ఏమడిగాడో, తానేం జవాబిచ్చాడో, ముందుగా దూకింది ఎవరో అంతా చెబితే చాలు. ఆ చెయ్యి కాలిన మచ్చ మీద నుంచి తీసేస్తాడు. ఇంకెన్నడూ వెయ్యడు.

కొక్కేల కింద పడి మొత్తుకున్న మాట లింగం ఇంకోసారి అనలేదు.

"పండుకో తమ్మీ," అని దుప్పటి భుజం దాకా లాగి కప్పాడు.